జిమ్ ఫీజు కట్టేశాను, పొద్దున లేవడమే అవట్లేదు

నైట్‌షిఫ్ట్_కూకట్‌పల్లి: ఏడాది ఫీజు ఒకేసారి కట్టా. రెండు వారాలు బానే వెళ్తా, తర్వాత దుప్పటి వదలబుద్ధి కాదు. నిగ్రహం పెంచుకోవచ్చా, పుట్టుకతోనే రావాలా? సాయంత్రం వెళ్తే నయమా? మోకాలు కూడా పట్టేస్తోంది.

బీచ్‌రోడ్_బాబ్జీ: మా వైజాగ్ రండి. పొద్దున్నే ఆర్కే బీచ్ రోడ్డులో బళ్ళు ఆపేస్తారు, నడిచేవాళ్ళదే రాజ్యం. నిగ్రహం గిగ్రహం ఏంలేదు గురూగారూ, నలుగురు తోడుండాలి. రాకపోతే ఫోన్ చేసి తిడతారు. నడకయ్యాక అందరం పూరీ కొట్టి ఇంటికెళ్తాం.

షుగర్_సుబ్బారావు: పూరీనా! దానికి నడవడం దేనికండీ, ఇంట్లోనే పడుకోండి.

బీచ్‌రోడ్_బాబ్జీ: మీ షుగరు మీది. నేను లేచేదే పూరీ కోసం. అది మానితే నడకా మానేస్తా, మీరొచ్చి లేపుతారా?

సైకాలజీ_పీజీ: ఈ సబ్జెక్టే చదివాను కాబట్టి చెప్తున్నా. 1998లో బామైస్టర్ అనే అమెరికా సైకాలజిస్ట్, ఎదురుగా బిస్కెట్లు పెట్టి కొందరిని ముల్లంగే తినమన్నాడు. వాళ్ళు తర్వాతిచ్చిన పజిల్‌ని తొందరగా వదిలేశారు. నిగ్రహం వాడేకొద్దీ తరిగిపోతుంది. పగలంతా బాసుని భరించాక సాయంత్రం జిమ్ కష్టం.

లెక్కల_మాస్టారు: పాత పాట. 2016లో అదే సిద్ధాంతాన్ని 23 ల్యాబులు రెండు వేల మందికి పైగా జనంమీద పరీక్షిస్తే ప్రభావం దాదాపు సున్నా.

సైకాలజీ_పీజీ: అందులో ముల్లంగి లేదు సార్, వేరే టాస్క్ ఇచ్చారు. పేపర్ చదివి మాట్లాడండి.

లెక్కల_మాస్టారు: ముల్లంగి ఉంటేనే సైన్సా? డిగ్రీ చూపించి నోరు మూయించడం ఇక్కడ కుదరదు.

డాబా_మీద_లక్ష్మి: ముల్లంగి సాంబార్లో వేసుకోండి ఇద్దరూ. పొద్దున్నే లేచేవాళ్ళందరికీ కాఫీ ఎవరు పెడుతున్నారో ముందు చెప్పండి. పిల్లల బాక్సులు సర్దాక నాకు మిగిలేది సాయంత్రమే. సీరియల్ ఫోన్లో డాబా మీద నడుస్తూనే చూస్తా, సోఫాలో కూర్చుని చూడకూడదని నియమం. ఎపిసోడ్ మంచి పట్టులో ఆగితే ఇంకో నాలుగు చుట్లు ఎక్కువే పడతాయి.

షుగర్_సుబ్బారావు: ఫోన్ చూస్తూ డాబా మీద నడకా? పిట్టగోడ ఉందా అమ్మా?

డాబా_మీద_లక్ష్మి: ఉందండీ, నడుం ఎత్తు.

కొత్త_ఫిట్‌నెస్: 21 రోజులు ఆపకుండా చేస్తే అలవాటైపోద్ది బ్రో.

లెక్కల_మాస్టారు: లండన్ అధ్యయనంలో సగటు 66 రోజులు. కొందరికి 18 చాలాయి, కొందరికి 254 దాకా పట్టేలా ఉంది. మధ్యలో ఒకరోజు తప్పితే పెద్ద నష్టమేం లేదని కూడా తేలింది.

కొత్త_ఫిట్‌నెస్: సరే బ్రో. నైట్‌షిఫ్ట్ అన్నా, వెళ్ళకపోతే ఆ మెంబర్‌షిప్ నాకు ట్రాన్స్‌ఫర్ చేస్తావా? సగం ఇస్తా.

ఉప్పల్_వాకర్: బాబ్జీ గారూ, ఆదివారం వైజాగ్‌లో ఉంటా. పూరీ ఎక్కడ?

బీచ్‌రోడ్_బాబ్జీ: ఇన్‌బాక్స్‌కి రండి. సుబ్బారావు గారు చూస్తే మళ్ళీ మొదలెడతారు.