ఇంటిపని మీదున్న ఆడవాళ్లకి డిప్రెషన్ పనుల పట్టీ ఎలా కుదిరింది? చెప్పండి
డిప్రెషన్‌కి ఇచ్చే ఎస్సిటలోప్రామ్ లాంటి మాత్రల గుణం తెలియడానికి 2 నుంచి 4 వారాలు పడుతుంది. వికారం, తలనొప్పి మాత్రం మొదటి వారమే రావచ్చు, చాలామంది అక్కడే మానేస్తారు. నెలల తరబడి వాడి ఒక్కసారిగా ఆపితే తల తిరగొచ్చు, ఒంట్లో షాక్ కొట్టినట్టు ఉండొచ్చు. డాక్టర్‌ని అడిగే తగ్గించాలి.

మందుతోపాటు చిన్న పనుల పట్టీ రాయిస్తారు. "వంటిల్లు సర్దాలి" అని రాస్తే జరగదు. "సింకులో రెండు గ్లాసులు కడగాలి" అంటే జరుగుతుంది. చేశాక మనసు 10కి ఎంతుందో పక్కనే వేసుకోవాలి. హుషారు వచ్చాక చేద్దామంటే అది రాదు, పని తర్వాతే కాస్త వస్తుంది.

నా సందేహం ఇక్కడే. తెల్లారి 5కే పంపునీళ్లు, టిఫిన్లు, పిల్లల క్యారేజీలు. పనుల కిందే నలిగిపోతున్న మనిషికి ఇంకో పని ఎలా చెప్పడం? పట్టీలో తనకోసం ఏం పెట్టారు? డాబా మీద పది నిమిషాలా, అక్కతో ఫోనా? ఏ పని, ఎవరికి అప్పజెప్పారు? అత్తగారికి ఏమని చెప్పారు? దయచేసి వివరంగా రాయండి.

చచ్చిపోవాలనిపిస్తుంటే మాత్రం జవాబుల కోసం ఆగకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, ఉచితం, 24 గంటలూ తెలుగులో మాట్లాడతారు.