సైకిల్ చైన్ లాక్ క్లిప్పు ఎటు తిప్పి పెట్టాలి?

కాలవగట్టు:
నాన్న పాలక్యాన్లు మోసిన 24 అంగుళాల పాత సైకిలు. మూడేళ్లుగా పాకలోనే ఉంది. చైన్ కర్రలా బిగుసుకుపోతే ఊడదీసి రెండ్రోజులు కిరసనాయిల్లో నానబెట్టా. లింకులన్నీ కదిలాయి. ఎలాగో ఎక్కించి వీధి చివరిదాకా తొక్కితే రెండుసార్లు పడింది, రెండోసారి లాక్ (చైన్ రెండు కొసల్నీ కలిపే లింకు) మీది క్లిప్పు కూడా ఎగిరి కాలవలో పడ్డట్టుంది. కొత్త లాక్ తెచ్చా. క్లిప్పు చీలిక ముందుకా, వెనక్కా?

రెండు చక్రాలు:
ఎటైనా ఒకటే. గట్టిగా నొక్కండి చాలు.

అద్దె సైకిలు:
ఒకటే కాదండీ. మా నాన్నకి సైకిల్ షాపు ఉండేది, గంట లెక్కన అద్దెకిచ్చేవాళ్లం. సెలవులొస్తే చైన్లన్నీ నా నెత్తినే. ఆ క్లిప్పుని నాన్న చేప అనేవాడు. చేప తలతోనే ఈదుతుంది కదా, చైన్ ఎటు నడిస్తే తల అటు. పై వరసలో ఉన్నప్పుడు తల ముందుకి, చీలిన తోక వెనక్కి. తిరగేసి పెడితే చైన్ కవర్ అంచు తగిలినా తోక విచ్చుకుని ఎగిరిపోతుంది. మీకు జరిగింది అదే అయ్యుంటుంది.

చైన్ రెండు కొసలూ వెనక పళ్లచక్రం మీద పక్కపక్క పళ్లకి తగిలించండి, పళ్లే పట్టుకుంటాయి, మీ చేతులు ఖాళీ. లాక్ దూర్చి, పై రేకు వేసి, క్లిప్పుని పిన్నుల గాడిలో ఆనించండి. కటింగ్ ప్లేయర్ ఒక దవడ తల మీద, రెండోది తోక వైపు పిన్ను మీద పెట్టి నొక్కితే టిక్కుమంటుంది. కింద పాత తువ్వాలు పరవండి. అది ఎగిరితే దొరకదని మీకు నేను చెప్పక్కర్లేదు!

చైన్ పడేది మాత్రం లూజు వల్ల. వెనక నట్లు రెండూ వదులు చేసి చక్రాన్ని వెనక్కి లాగండి. మధ్యలో వేలితో ఎత్తితే అరంగుళం ఆడాలి. పెడల్ ఒక చుట్టు తిప్పండి, ఒకచోట బిగుసుకుంటుంది, అక్కడ చూసి సరిచేయండి. తర్వాత బ్రేకు రబ్బర్లు రిమ్ముకి రాసుకోకుండా చూసుకోండి.

కాలవగట్టు:
చక్రం చివరిదాకా లాగేశా, ఇంకా వేలాడుతోంది. ఒక లింకు తీసేయనా?

అద్దె సైకిలు:
ఒక్కటి తీస్తే కొసలు కలవవు. లాక్ పట్టాలంటే రెండు కొసల్లోనూ సన్న లింకే ఉండాలి. తీస్తే జతగానే, అంటే అంగుళం. ముందు ఇనప టేపుతో కొలవండి (గుడ్డది సాగుతుంది). పిన్ను మధ్య నుంచి పిన్ను మధ్యకి 24 లింకులు 12 అంగుళాలుండాలి. 12 మీద పరక, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు దాటితే ఆ చైన్ పనైపోయినట్టే. ఫ్రీవీల్ (వెనక పళ్లచక్రం) పళ్లు కొక్కేల్లా వంగి ఉంటే అదీ మార్చండి, లేకపోతే కొత్త చైన్ జారుతుంది.

కాలవగట్టు:
12 మీద పావు వచ్చిందండీ! చైనూ ఫ్రీవీలూ కొత్తవి వేశా, చేప తల ముందుకే. పాత చైన్ మాత్రం నాన్న పారేయనివ్వలేదు. పాక తలుపుకి కట్టి తాళం వేశాడు.