పిత్తాశయం తీసేశాక భోజనం కాగానే విరేచనం: సహజమేనా?

ప్రశ్న (టెక్కలి):
రాళ్ల కారణంగా మా అమ్మగారికి ల్యాప్రోస్కోపీ (పొట్టపై చిన్న రంధ్రాలతో చేసే ఆపరేషన్) ద్వారా పిత్తాశయం తొలగించి ఐదు వారాలైంది. కుట్లు మానాయి, నొప్పి లేదు; కానీ నూనె ఎక్కువైన కూర తిన్న అరగంటకే నీళ్ల విరేచనం అవుతోంది. పలాస బంధువులు తెచ్చిన జీడిపప్పు పాకం తిన్న రోజున మూడుసార్లు వెళ్లారు. ఇది ఆపరేషన్‌లో లోపమా?

జవాబు 1:
లోపం అనుకోనక్కరలేదండి. కొవ్వును అరిగించడానికి తోడ్పడే పైత్యరసాన్ని తయారుచేసేది కాలేయం. పిత్తాశయం దాన్ని నిల్వచేసి, చిక్కబరిచి, కొవ్వు పదార్థం వచ్చినప్పుడు ఒక్కసారిగా వదిలే సంచి మాత్రమే. ఆ సంచి లేనప్పుడు రసం రోజంతా కొద్దికొద్దిగా చిన్న పేగులోకి జారుతూనే ఉంటుంది కనుక, అందులో కొంత తిరిగి పీల్చుకోబడకుండా పెద్ద పేగుకు చేరి, అక్కడ నీటిని ఊరించి విరేచనం కలిగిస్తుంది. చాలామందిలో ఇది కొన్ని వారాలలో, నెలలలో తగ్గుతుంది. తగ్గకపోతే పైత్యరసంలోని ఆమ్లాలను పేగులో పట్టి ఉంచే కొలెస్టిరమిన్ వంటి మందును వైద్యులు ఇస్తారు, సొంతంగా కొనవద్దు.

జవాబు 2 (విజయనగరం):
నాకూ ఇదే అనుభవం. రెండు పూటల నిండు భోజనం మాని, ఐదుసార్లు కొంచెం కొంచెంగా తిన్నాను. చోడి (రాగి) అంబలి, పలుచని మజ్జిగ, అరటిపండు సరిపడ్డాయి. ఆవ పెట్టిన పనసపొట్టు కూరకు మాత్రం నాలుగు నెలలు ఆగవలసివచ్చింది, అదే అన్నిటికంటే కష్టం!

జవాబు 3:
కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులోకి మారినా, మలం తెల్లబారినా, చలిజ్వరమో కడుపునొప్పో వచ్చినా పథ్యంతో సరిపెట్టక వెంటనే సర్జన్‌కు చూపించండి.