అప్‌డేట్: నాది నిజమైన విశ్వాసమేనా అని అడిగాను, జవాబు దొరికింది

ప్రార్థనలో ఏ అనుభూతీ కలగడం లేదు, పైగా సందేహాలు వస్తున్నాయి, నాది నిజమైన విశ్వాసమేనా అని ఇక్కడ అడిగాను. జవాబిచ్చిన అన్నలకు, అక్కలకు వందనాలు.

మార్కు సువార్త 9వ అధ్యాయం చదవమన్న సలహా పనిచేసింది. చదివి, ఒడిశాలోని పర్లాకిమిడిలో మా పాస్టర్ గారితో మాట్లాడాను. ఆ అధ్యాయంలో, మూగ దయ్యం పట్టిన కొడుకును యేసు దగ్గరకు తెచ్చిన ఒక తండ్రి నమ్ముతున్నానంటూనే, తన అపనమ్మకం విషయంలో సాయం చేయమని ఆయన్ను వేడుకున్నాడు. యేసు అతన్ని తిప్పి పంపలేదు, పిల్లవాణ్ని బాగుచేశాడు. "సందేహాన్ని కూడా ఆయన దగ్గరకే తెస్తున్నావు కదమ్మా, నమ్మకం లేకపోతే తెస్తావా?" అన్నారు పాస్టర్ గారు. ఆ మాటతో నా టెన్షన్ చాలావరకు పోయింది.

యాకోబు పత్రిక 2:19 కూడా చూపించారు. దేవుడొక్కడే అని దయ్యాలు కూడా నమ్మి వణుకుతాయట! అంటే దేవుడున్నాడని ఒప్పుకుంటే సరిపోదు, ఆయన మీద ఆనుకోవాలి, అది నడతలో కనబడాలి. అలాగని మంచిపనులతో రక్షణ సంపాదించుకోలేమని ఎఫెసీ 2:8-9 తీసి మరీ చెప్పారు.

ప్రార్థనలో కన్నీళ్లు రాకపోవడం, ఉపవాసాల లెక్క, ఒడియా ప్రార్థన కూడికలో నేను తెలుగులో ప్రార్థించుకోవడం, వీటికీ విశ్వాసానికీ సంబంధం లేదని తేలింది. సందేహాలు ఇప్పటికీ అప్పుడప్పుడు వస్తాయి. వచ్చినప్పుడు ఆ తండ్రిలాగే అడుగుతున్నాను.