కెనడాలో ఇన్వెస్టిగేషన్ లైన్‌లోకి రావాలంటే తొలి అనుభవం ఎక్కడ దొరుకుతుంది?

బ్రాంప్టన్, కొత్తగా వచ్చాను: అందరికీ నమస్కారమండి. విజయవాడలో ఇన్సూరెన్స్ కంపెనీలో మూడేళ్లు మోటార్ క్లెయిమ్స్ చూశాను. ఓపెన్ వర్క్ పర్మిట్ (ఏ కంపెనీలోనైనా పనిచేయొచ్చు) మీద వచ్చి రెండు నెలలైంది. ఇన్వెస్టిగేషన్ వైపు వెళ్లాలని ఉంది. ఎక్కడ అప్లై చేసినా ఇక్కడి అనుభవం ఉందా అంటున్నారు. ఉద్యోగం ఇవ్వకపోతే అనుభవం ఎక్కణ్ణుంచి తేవాలి?

మిస్సిసాగా పాతకాపు: ముందు లైసెన్స్ తీసుకోమ్మా. మన ఒంటారియో రాష్ట్రంలో ప్రైవేట్ ఇన్వెస్టిగేటర్‌కి 50 గంటల కోర్సు, ఆపైన పరీక్ష. పీఆర్ (శాశ్వత నివాస హోదా) మాత్రం కచ్చితంగా ఉండాలి.

స్కార్‌బరో: పీఆర్ అక్కర్లేదు బాబాయ్. 18 నిండి, ఇక్కడ పనిచేసే హక్కుంటే చాలు. లైసెన్స్ ఉన్నా సొంతంగా బోర్డు పెట్టేయకూడదు, దానికి ఏజెన్సీ లైసెన్స్ వేరే.

ఒకప్పటి బ్రాంప్టన్‌వాసి: అది సరే చెల్లెమ్మా, ముందు ఇల్లు చూసుకో. 2016లో నేనీ పనిలో చేరినప్పుడు బ్రాంప్టన్‌లోనే బేస్‌మెంట్‌లో ఉండేవాణ్ణి. నిఘా డ్యూటీ అంటే తెల్లారకముందే కారు తీయాలి. నడుం నొప్పని క్లెయిమ్ వేసినాయన ఎప్పుడు బయటికొస్తాడా అని వీధి చివర ఆరేడు గంటలు పడిగాపులు. ఇంజిన్ ఆపితే మన ఊపిరికే అద్దాల లోపల మంచు పేరుకుంటుంది. పాత బ్యాంకు కార్డుతో గీక్కుంటూ కూర్చునేవాణ్ణి. ఒకరోజు మా ఓనర్ నా టేబుల్ మీద కెమెరా, లైసెన్స్ కార్డు చూశాడు. ఆయన పక్క గదిని పర్మిట్ లేకుండా ఇంకో ఇద్దరికి అద్దెకిచ్చాడట! నన్ను సిటీవాళ్లే (మునిసిపాలిటీ) తనిఖీకి పంపారని ఖాయం చేసుకుని నెలాఖరుకి ఖాళీ చేయమన్నాడు. నోటిమాటతో వెళ్లగొట్టే హక్కు ఆయనకి లేదని నాకప్పుడు తెలియదు. జనవరి చలిలో రెండు సూట్‌కేసులతో ఫ్రెండ్ ఇంటి హాల్లో పడ్డాను. డ్యామేజ్ డిపాజిట్ అని తీసుకున్నది కూడా ఎగ్గొట్టాడు. ఇక్కడ చివరి నెల అద్దె ముందుగా అడగొచ్చు గానీ డ్యామేజ్ డిపాజిట్ అడగకూడదు. రాసిపెట్టుకో.

మిస్సిసాగా పాతకాపు: ఆ అమ్మాయి అడిగింది ఉద్యోగం గురించి నాయనా.

నార్త్ యార్క్: చెల్లీ, చేతిలో ఉన్న అనుభవాన్ని వదులుకోకు. నేను బ్యాంకు కాల్ సెంటర్లో మొదలుపెట్టి, రెండేళ్లకి మనీ లాండరింగ్ అలర్ట్స్ చూసే టీమ్‌లోకి మారాను. 10,000 డాలర్లు, ఆపైన నగదు వేస్తే ఫిన్‌ట్రాక్‌కి (మనీ లాండరింగ్ మీద కన్నేసే ప్రభుత్వ సంస్థ) రిపోర్టు వెళ్లాలి. అందుకని 9,500 చొప్పున నాలుగు బ్రాంచీల్లో వేసేవాళ్లుంటారు. వాళ్లని పట్టుకోవడమే మా పని. ఇదీ ఇన్వెస్టిగేషనే, కాకపోతే హీటర్ ఉంటుంది. ఇన్సూరెన్స్ క్లెయిమ్స్ డెస్క్‌లకీ వేసి చూడు, అక్కణ్ణుంచి మోసాల టీమ్‌కి మారొచ్చు. రెజ్యూమెలో 'క్లెయిమ్స్ చూశాను' అని వదిలేయకు. గ్యారేజీ బిల్లు తేదీ యాక్సిడెంట్ కంటే ముందుందని పట్టుకున్న ఫైల్ ఒక్కటైనా ఉండే ఉంటుంది కదా, అది రాయి.

ఎటోబికో: అసలు 'కెనడా అనుభవం కావాలి' అని ప్రకటనలో పెట్టడమే 2026 జనవరి 1 నుంచి ఒంటారియోలో కుదరదు. 25 మంది, ఆపైన ఉన్న కంపెనీలకి ఈ రూల్.

మిస్సిసాగా పాతకాపు: ప్రకటనలో పెట్టరు, ఫోన్ చేసి అడుగుతారు. రూల్ తిండి పెడుతుందా?

ఎటోబికో: మీకు పెట్టకపోతే అందరికీ పెట్టదా అండీ?

స్కార్‌బరో: మీ గొడవ తర్వాత. నా ఓటు షాపుల్లో లాస్ ప్రివెన్షన్‌కి, అంటే దొంగతనాలు కనిపెట్టే పనికి. త్వరగా తీసుకుంటారు, నోట్స్ రాయడం వస్తుంది. 'అనుమానంగా తిరిగాడు' అని రాస్తే కోర్టులో లాయర్ చీల్చి చెండాడతాడు. '11.42కి మూడో వరసలో రెండు రేజర్ ప్యాకెట్లు జాకెట్ ఎడమ జేబులో పెట్టాడు' అని రాయాలి. ఈ పనికి సెక్యూరిటీ గార్డ్ లైసెన్స్ కావాలి, అది 40 గంటల కోర్సు. ఇన్వెస్టిగేటర్ లైసెన్స్ వేరు, ఒకటి ఉంటే రెండోది వచ్చినట్టు కాదు.

నార్త్ యార్క్: దొంగల వెంట పరిగెత్తడానికా మూడేళ్లు క్లెయిమ్స్ చూసింది?

స్కార్‌బరో: పరిగెత్తమని నేనెప్పుడన్నానక్కా? చూసి రాయమన్నాను.

బ్రాంప్టన్, కొత్తగా వచ్చాను: అందరికీ థాంక్స్ అండి. కానీ నాకిప్పుడు టెన్షన్ పట్టుకుంది. మొన్ననే ఒక ట్రైనింగ్ సెంటర్లో డబ్బు కట్టేశాను. దీంతో గార్డు, ఇన్వెస్టిగేటర్ రెండూ చేయొచ్చన్నారు.

మిస్సిసాగా పాతకాపు: ముందు రసీదు తీసి చూడమ్మా. దాని మీద 40 గంటలని ఉందా, 50 అని ఉందా?