ఈ వారం సమస్య: కంచి చేరినంత కథ మొదలయె

నిర్వాహకుడు:
మొన్న ఆదివారం ఇంటిల్లిపాదీ కంచికి వెళ్లొచ్చాం. మధ్యాహ్నం గుళ్లు మూసేస్తారని తెల్లారకముందే చెన్నై బీచ్ స్టేషన్‌లో లోకల్ ఎక్కాం. చెంగల్పట్టు దాటి బండి కంచి వైపు మళ్లగానే ఈ పాదం తట్టింది. కథ కంచికి, మనం ఇంటికి అని వింటూ పెరిగినవాళ్లం కదా, మరి కథ అక్కడే మొదలైతే? దీన్నే నాలుగో పాదంగా పెట్టి ఆటవెలదిలో పూరించండి.

*కంచి చేరినంత కథ మొదలయె*

పెరంబూరు:

రైలు దిగినవెంట రమ్మంచు పిలిచెను
పట్టుచీరలమ్ము పడుచువాడు
వెల వినంగ గుండె వేగమ్ము హెచ్చెను
కంచి చేరినంత కథ మొదలయె

విల్లివాక్కం:
ధార బాగుంది అన్నయ్యా. "పట్టుచీరలమ్ము పడుచువాడు" నోట్లో నిలిచిపోయే పాదం. కానీ చీర అనగానే వెల మాటెత్తడం అందరూ నడిచిన దారే. కంచిలో కోర్వై మగ్గం దగ్గర కాసేపు కూర్చుని చూడండి. చీర నడుమ భాగాన్నీ, అంచునూ వేర్వేరు నాడెలతో నేస్తూ వరుస వరుసకీ ముడివేస్తారు. పక్కన ఇంకో మనిషి చెయ్యి అందిస్తూ ఉండాల్సిందే. అది చూశాక మీరు వెల మీద కాదు, ఆ చేతుల మీద పద్యం రాస్తారు.

అడయారు:
చీరల కొట్టు దాటి కాస్త ముందుకు, పల్లవ రాజు రాజసింహుడు కట్టించిన కైలాసనాథాలయం దాకా వెళ్దాం.

ఇసుకరాతిలోన నింద్రలోకము జెక్కి
రాజసింహు డొసగె రమ్యగుడిని
పల్లవుల చరిత్ర పలుకంగ నా రాళ్లు
కంచి చేరినంత కథ మొదలయె

పెరంబూరు:
"రమ్యగుడి" వైరిసమాసం. సంస్కృతానికి తెలుగు గుడి ఎలా అతుకుతుంది? "రాజసింహు డొసగె రమ్యముగను" అంటే గణాలూ, యతీ (పాదం మొదటి అక్షరానికి నడుమ కుదరాల్సిన జత అక్షరం) చెడవు, సమాసం గొడవా ఉండదు. రాళ్ల విషయంలో అడయారు వారికి తొందర ఎక్కువ. పోయినసారి మహాబలిపురం పద్యంలో తీరాలయాన్ని ఏకశిల అన్నారు. అది రాళ్లు పేర్చి కట్టిన గుడి. ఒకే రాతిలో చెక్కినవి అక్కడి రథాలనే గుళ్లు.

అడయారు:
సవరణ బాగుంది, తీసుకుంటున్నాను. మహాబలిపురం పద్యంలో "ఏకశిల" అన్న మాట రథాలకే అన్వయిస్తుంది, మొదటి పాదంతో కలిపి చదవండి. తీరాలయం, కంచి కైలాసనాథాలయం రెండూ రాజసింహుడి కాలానివే అని ఆ రోజు ఇక్కడ రాసింది కూడా నేనే.

విల్లివాక్కం:
పాత పద్యాన్ని మళ్లీ తవ్వకండి ఇద్దరూ. అడయారు గారూ, "పలుకంగ నా రాళ్లు" నాకు చాలా నచ్చింది. కైలాసనాథుడి గుడిలో పీఠం నల్లరాయి, పైదంతా ఇసుకరాయి. గర్భగుడి చుట్టూ ప్రదక్షిణకి ఇరుకు సందులో మోకాళ్ల మీద పాకుతూ వెళ్లాలి. అప్పుడు రాయి మొహానికి బెత్తెడు దూరంలో ఉంటుంది, నిజంగానే పలుకుతున్నట్టే ఉంటుంది.

ఆవడి:
కొత్తవాణ్ణి, పెద్దలు మన్నించాలి.

కథల నన్ని దాచు గది యేది యనుచును
మనుమ డడిగె గుడిని బామ్మ నపుడు
గుడి యరుగున నంత గొంతు విప్పెను బామ్మ
కంచి చేరినంత కథ మొదలయె

పెరంబూరు:
రెండో పాదంలో మ-కు బ యతి చెల్లదు. మిగతాది ఆణిముత్యం.

విల్లివాక్కం:
అబ్బ! ఇన్నాళ్లూ కథలన్నింటినీ కంచికి పంపుతూనే ఉన్నాం. అవన్నీ అక్కడ ఎక్కడుంటాయని అడగాలని పిల్లాడికే తోచింది. ఈ విరుపు మాలో ఎవరికీ రాలేదు. యతికి ఇలా మార్చి చూడు తమ్ముడూ:

మనుమ డడిగె బామ్మ మాట లుడుగ

ముందు మాట పడిపోయిన బామ్మే తర్వాతి పాదంలో గొంతు విప్పుతుంది. అప్పుడు మూడో పాదానికి బలం వస్తుంది.

ఆవడి:
ధన్యవాదాలు అక్కయ్యా. యతి టెన్షన్‌లో అర్థం వైపు నుంచి ఆలోచించనేలేదు. ఇదే ఉంచుతాను.

అడయారు:
ఆ మనుమడికి నా దగ్గర జవాబుంది. కథలు దాచిన గదులు కైలాసనాథాలయంలోనే ఉన్నాయి. ప్రాకారం వెంట 58 చిన్న గుళ్లు వరసగా ఉంటాయి, వాటి నిండా శిల్పాలే. కొన్నింట్లో సున్నపు పూత మీద పాత రంగులు ఇంకా మరకల్లా కనిపిస్తాయి. ఆవడి గారు ఆ అరుగు కైలాసనాథుడి గుడిదని ఒక్క మాట చేరిస్తే నా పద్యమూ ఆయన పద్యమూ జంటగా నిలుస్తాయి.

పెరంబూరు:
ఏ గుడో చెప్పకపోవడమే ఆ పద్యానికి అందం. ఊళ్లో ప్రతి గుడి అరుగూ ఆ బామ్మదే. మీ 58 గుళ్లకి మీరే ఇంకో ఆటవెలది రాయండి, యతి నేను చూస్తాను.

నిర్వాహకుడు:
ఆవడి గారి పూరణ, సవరణతో సహా, ఈ వారం ముందు వరసలో ఉంటుంది. ఒక్క మాట. 1509లో కృష్ణదేవరాయలు ఏకాంబరేశ్వరుడికి కట్టించిన రాజగోపురం 59 మీటర్ల ఎత్తున నిలబడి ఉంటే, మనలో ఒక్కరూ దాని ఊసెత్తలేదు. తెలుగు పద్యాన్ని అంత ప్రేమించిన రాజు కంచిలో కనిపిస్తున్నా మనం పలకరించకపోతే ఎలా? గడువు శనివారం రాత్రి దాకా పెంచుతున్నాను. పెరంబూరు అన్నయ్యా, అడయారు గారూ, ఇద్దరూ రాయాలి.