గిరాకీ లేని రోజుల్లో సర్కారు నుంచి మీ చేతికి నిజంగా ఏమొచ్చింది?

లేత్_బాలానగర్:
నాది జాబ్‌వర్క్ యూనిట్, బయటి కంపెనీలకు మిషన్ పార్టులు చేసిపెట్టడం. కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ మిషన్లు రెండు, మూడు లేత్‌లు, ఆరుగురు పనివాళ్ళు. దసరా తర్వాత ఆర్డర్లు సగానికి పడిపోయాయి. పంపు పార్టులు తీసుకునే పెద్ద పార్టీ, బాకీ డబ్బు అడిగితే నాలుగు నెలలుగా "వచ్చే వారం" అంటోంది. కరెంటు బిల్లులో యూనిట్లు తగ్గాయి కానీ ఫిక్స్‌డ్ చార్జీ పైసా కదల్లేదు. 2020 లాక్‌డౌన్‌లో తెలంగాణ సర్కారు నుంచి మీకు ఏం అందిందో చెప్పండి. కరెంటు, లోను, పనివాళ్ళ ఇంటి ఖర్చు, ఈ మూడింటి గురించే అడుగుతున్నా. ఇద్దర్ని మానిపించాల్సి వస్తుందేమోనని టెన్షన్‌గా ఉంది.

లెక్కలటీచర్_ఉప్పల్:
కరెంటు సంగతి నాకు తెలియదు. 2021 ఏప్రిల్‌లో ప్రైవేటు బడి టీచర్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇస్తామన్నారు. మా బడిలో పద్నాలుగు మందిమి. యాజమాన్యం తొమ్మిది పేర్లే రాసింది, ఎందుకంటే వాళ్ళ రికార్డుల్లో టీచర్లు తొమ్మిది మందేనట. మరి ఆరేళ్ళు ఆ క్లాసుల్లో లెక్కలు చెప్పింది దయ్యమా? పక్క పోర్షన్‌లో సైన్స్ టీచర్ ఇంటి ముందు బస్తా దిగుతుంటే తలుపేసుకున్నాను. లేత్ అన్నా, మీ ఆరుగురి పేర్లు ఏ కాగితం మీదైనా ఉన్నాయా? ముందు అది చూసుకోండి.

రిటైర్డ్_ఖజానా:
31 ఏళ్ళు బిల్లులు పాస్ చేసినవాణ్ణి, చెబుతున్నా వినండి. రాష్ట్రం నోట్లు అచ్చేసుకోలేదు. ఏడాదికి చేసే అప్పు కూడా రాష్ట్ర స్థూల ఉత్పత్తిలో 3 శాతం దాటకూడదు. 2020లో కేంద్రం దాన్ని 5 శాతం దాకా పెంచింది, కానీ అందులో ఒక శాతానికి నాలుగు సంస్కరణల షరతు పెట్టింది. అవతల రిజిస్ట్రేషన్లు, మద్యం, పెట్రోలు, జీఎస్టీ అన్నీ ఒక్కసారే ఎండిపోయాయి. అందుకే 2020 మార్చి జీతాల్లో కోత పెట్టారు. ఐఏఎస్‌లకు 60 శాతం, మాలాంటి వాళ్ళకు 50, నాలుగో తరగతి వాళ్ళకు 10. పింఛన్లనూ వదల్లేదు. వ్యవహారం హైకోర్టుకెక్కాక జూన్‌లో ఆర్డినెన్సు తెచ్చారు. లాక్‌డౌన్‌లో తెల్ల రేషన్ కార్డు మీద మీరు తీసుకున్న 1,500 మా జేబులోంచి పోయిందే.

మల్కాజిగిరి_మామూలోడు:
సార్, మీ డబ్బు తర్వాత విడతలుగా తిరిగి వచ్చింది కదా. మా కంపెనీ కోసింది ఇప్పటికీ రాలేదు. తెల్లకార్డు లేదని 1,500 కూడా లేదు. నాకు దక్కిందల్లా 2020 నవంబరులో ఇంటిపన్ను 15,000 లోపు ఉన్నవాళ్ళకు సగం తగ్గించినప్పుడు మిగిలిన 1,900. డిసెంబరులో బల్దియా ఎన్నికలు ఉండబట్టి ఆ మాత్రమైనా.

ఆటో_నిజాంపేట:
కార్డున్నోళ్ళకు మనిషికి 12 కిలోల బియ్యం ఊరికే ఇచ్చారు. మేం నలుగురం, 48 కిలోలు. ఆటో వెనక సీట్లో వేసుకొస్తే పోలీసాయన ఆపి, సంచి విప్పి చూసి పంపాడు. 1,500 మాత్రం అకౌంటులో పడలేదు, పోస్టాఫీసులో లైను కట్టి తెచ్చుకున్నాం. ఆ రెండు నెలలు దాంతోనే గడిచింది, అబద్ధం ఆడను. కానీ అన్నం వండాలంటే గ్యాస్ కావాలె కదా.

మల్కాజిగిరి_మామూలోడు:
48 కిలోలు మీరే తిన్నారా? మా సందు చివర కిలో పది రూపాయలకు కొనేవాడు. దొడ్డు బియ్యం ఎవరు తిన్నారు, అంతా దోసెల పిండిలోకే పోయింది.

టిఫిన్_అక్క:
ఏమండీ, ఆ మాట ఎవరిని అంటున్నారు? పదకొండేళ్ళుగా టిఫిన్ సెంటర్ నడుపుతున్నాను. ఇడ్లీకి రవ్వ, దోసెకు దొడ్డు బియ్యం. సన్నబియ్యంతో దోసె పోసి పెనం మీంచి లేపి చూపించండి. నేను కొన్నది కిరాణా షాపులో, బిల్లుంది.

మల్కాజిగిరి_మామూలోడు:
మీ పేరు నేను ఎత్తలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు మీరే తడుముకున్నారు.

టిఫిన్_అక్క:
1,900 మిగిలిందని సంబరపడే మీకేం తెలుసు? లాక్‌డౌన్‌లో నా గ్రైండర్ 70 రోజులు మూతేసి ఉంది. షట్టర్ అద్దె ఒక్క నెల కూడా ఆగలేదు. వీధి వ్యాపారులకు 10,000 లోను ఇస్తున్నారంటే వెళ్ళాను. షట్టర్ ఉంది కాబట్టి వీధి వ్యాపారివి కావన్నారు. ఇంకో కౌంటర్‌కి పోతే పెద్ద వ్యాపారివీ కావన్నారు. నేనేంటో ఇంతవరకూ నాకు తెలియదు.

ఆటో_నిజాంపేట:
నేను అమ్మాను, సగం. గ్యాస్ బండ కోసం. తప్పే. ఏం చేస్తారు?

రిటైర్డ్_ఖజానా:
రేషన్ బియ్యం అమ్మడమూ కొనడమూ నేరమే. నిత్యావసర సరుకుల చట్టం కింద కేసు పడుతుంది.

లెక్కలటీచర్_ఉప్పల్:
కేసు సంగతి సరే, ఆ బస్తా నాకిస్తే నేను తినేదాన్ని.

నాచారం_కోడలు:
ఆ గొడవ ఇప్పుడెందుకు? 2025 ఉగాది నుంచి కార్డుకు సన్నబియ్యమే ఇస్తున్నారు, మనిషికి 6 కిలోలు. మా ఇంట్లో ఎవరూ అమ్మడం లేదు. కాకపోతే కొత్త బియ్యం, ముద్దయిపోతోంది. ఎవరైనా ఉపాయం చెప్పండి.

టిఫిన్_అక్క:
ఎసరు అరగ్లాసు తగ్గించు. అప్పటికీ ముద్దయితే కుక్కర్ మాని గంజి వార్చు.

అడ్మిన్:
లేత్ గారు బియ్యం గురించి అడగలేదు. ఇంకొక్క దోసె మాట వస్తే చర్చకు తాళం వేస్తాను.

ఆడిట్_అన్న:
ఎవరూ పాయింటుకు రారు కాబట్టి నేనే చెప్పాలి. 140 మంది క్లయింట్లు నాకు. లేత్ గారూ, ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న పరిశ్రమగా నమోదు, ఉందా? ఉంటే చిన్న పరిశ్రమల 2006 చట్టం ప్రకారం మీ పార్టీ 45 రోజుల్లోపు డబ్బు కట్టాలి. దాటితే బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీ. ఇలాంటి బాకీల తగువులు తీర్చడానికి రాష్ట్రంలో ఫెసిలిటేషన్ కౌన్సిల్ ఉంది, ఆన్‌లైన్లో ఫిర్యాదు వేయండి. యూనిట్ మరీ మూతబడే స్థితికి వస్తే ఇండస్ట్రియల్ హెల్త్ క్లినిక్ అని రాష్ట్రం పెట్టిన సంస్థ ఉంది, చిన్న ఫ్యాక్టరీల కోసమే. పనివాళ్ళకు ఈఎస్‌ఐ, అంటే కార్మికుల బీమా, ఉంటే, పని పోయినా 90 రోజుల దాకా సగం జీతం వస్తుంది.

లేత్_బాలానగర్:
ఆరుగురే సార్. పది మంది ఉంటేనే కదా ఈఎస్‌ఐ. ఇక ఫిర్యాదంటారా, వేస్తే రేపటి నుంచి ఆ పార్టీ నా గేటు తొక్కదు. నా పనిలో 60 శాతం వాళ్ళదే.

చర్లపల్లి_మౌల్డ్:
నేను వేశాను. అసలు సొమ్ము వచ్చింది. పార్టీ పోయింది. ఆడిట్ అన్న మూడింతల వడ్డీ అంటున్నాడు, రాజీ కూర్చోబెట్టినప్పుడు వడ్డీ వదులుకుంటేనే చెక్కు రాశారు. లోను మాటకొస్తే, 2020లో గ్యారంటీ లోన్లని కేంద్రం ఇచ్చింది గుర్తుందా? ఫిబ్రవరి 29 నాటికి మన బాకీ ఎంత ఉంటే అందులో 20 శాతం కొత్తగా ఇచ్చారు, తనఖా అడగలేదు. మా నాన్న నేర్పిన బుద్ధి, అప్పు చేయొద్దని. బాకీ సున్నా. సున్నాలో 20 శాతం ఎంతో టీచరమ్మని అడగండి. పక్క షెడ్డువాడు నెత్తి మీద 40 లక్షల బాకీతో వెళ్ళి ఎనిమిది లక్షలు తెచ్చుకున్నాడు.

రిటైర్డ్_ఖజానా:
అది కేంద్రం పథకం. ఈ చర్చ రాష్ట్రం గురించి.

చర్లపల్లి_మౌల్డ్:
ఆకలేసినోడు గరిట ఎవరిదని చూడడు సార్.

ఆటో_నిజాంపేట:
రాష్ట్రం ఇచ్చిందే చెబుతా. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్ళకు బస్సు ఫ్రీ. నా షేరింగ్ సీట్లు ఖాళీ. నా గిరాకీ పోవడానికి మాంద్యం అక్కర్లేదు, బస్సు చాలు.

నాచారం_కోడలు:
అన్నా, మా అత్త రోజూ ఉప్పల్ నుంచి అమీర్‌పేట పోయి మూడిళ్ళల్లో పని చేస్తుంది. నెలకు పన్నెండు వందలు మిగులుతున్నాయి. మీ బాధ నిజమే, కానీ అది ఆపమని మాత్రం అనకండి.

ఆటో_నిజాంపేట:
ఆపమనలేదు. మా ఆవిడ కూడా బస్సే ఎక్కుతుంది.

సబ్‌స్టేషన్_భాయ్:
లేత్ భాయ్ మొదటి ప్రశ్నకు ఒక్కరూ జవాబు చెప్పలేదు. 2020లో ఫ్యాక్టరీలకు ఫిక్స్‌డ్ చార్జీలు వాయిదా వేశారు, మాఫీ చేయలేదు. ఇప్పుడు అదీ లేదు. ఫిక్స్‌డ్ చార్జీ పడేది మీరు కాల్చిన యూనిట్ల మీద కాదు, రాయించుకున్న లోడు మీద. ఎంత రాయించారు?

లేత్_బాలానగర్:
40 హెచ్‌పీ. ఒక సీఎన్‌సీ, రెండు లేత్‌లు నవంబరు నుంచి తిరగడం లేదు.

సబ్‌స్టేషన్_భాయ్:
అయితే లోడు తగ్గించమని అర్జీ పెట్టుకోండి. ఒకటి గుర్తుంచుకోండి, గిరాకీ తిరిగొచ్చి మళ్ళీ పెంచాలంటే డెవలప్‌మెంట్ చార్జీలు కొత్తగా కట్టాలి. ఆరు నెలల్లో ఆర్డర్లు వస్తాయనుకుంటే కదపకండి.

లేత్_బాలానగర్:
ఆరు నెలల మాట ఎవరు చెప్పగలరు భాయ్. 25కి తగ్గిస్తా. సోమవారం పోతా. అప్పటిదాకా ఆరుగురినీ ఉంచుతున్నా, ఇద్దరికి రోజు విడిచి రోజు పని.

ఆడిట్_అన్న:
ఫిర్యాదు మాటేమిటి?

చర్లపల్లి_మౌల్డ్:
ముందు వేరే పార్టీని వెతుక్కోనీ అన్నా, అప్పుడు వేస్తాడు. లేత్ భాయ్, నాకు నెలకు రెండొందల కోర్ పిన్నులు కావాలి, డ్రాయింగ్ పంపనా?

టిఫిన్_అక్క:
అడ్మిన్ గారూ, తాళం వేసే ముందు ఒక్క మాట. 3 హెచ్‌పీ గ్రైండర్ మోటారు రిపేరు చేసేవాళ్ళు బాలానగర్‌లో ఎవరున్నారు?